నలభై ఒక్క నియమాలు, మూడు సంతకాలు

నా మొదటి పుస్తకం చివర ఒక అనుబంధం ఉంది. అందులో మూడు సంతకాల నకళ్ళు అచ్చయ్యాయి. పుస్తకం కొన్నవాళ్ళు అంతదాకా చదవరు. అక్కడిదాకా వచ్చిన ఒకరిద్దరు ఆ సంతకాలు చూసి, ఈ మనిషి ఊళ్ళు తిరిగి పనిచేసినవాడే అనుకుంటారు. అలా అనుకోవడానికే వాటిని అక్కడ పెట్టాం. అవి ఎలా వచ్చాయో మాత్రం పుస్తకంలో ఎక్కడా లేదు.

జాబితాలు రాసే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. తొంభైల్లో ఇంజనీరింగ్ హాస్టలుకు పోయేటప్పుడు, తీసుకుపోవాల్సిన సామాన్లన్నీ అంకెలు వేసి రాసుకున్నాను. బకెట్టు, మగ్గు, దుప్పటి, తాళం, తాళానికి రెండో చెవి. చివరి అంకె పక్కన 'ఈ జాబితా' అని రాసి, సంచిలో పెట్టాక దానికీ టిక్కు పెట్టాను. బస్సు మదనపల్లె దాటాక చూసుకుంటే జాబితా ఉంది, బకెట్టు లేదు. బకెట్టుకు టిక్కు మాత్రం ఉంది.

ఇలాంటివాడికి తగిన ఉద్యోగం ఒకటి ప్రపంచంలో ఉందని చదువయ్యాక బెంగళూరులో తెలిసింది. దాని పేరు సిస్టమ్స్ ఇంజనీరింగ్. యంత్రాన్ని చేసేవాడు ఒకడు, వాడేవాడు ఇంకొకడు. వీళ్ళిద్దరి మధ్య కూర్చుని, ఆ యంత్రం ఏమేం చేయాలో ఒక్కొక్క వాక్యంగా రాసి, అంకెలు వేసి, ఆఖర్న ఏ వాక్యం నెరవేరింది, ఏది నెరవేరలేదు అని టిక్కులు పెట్టాలి. యంత్రం చేయనక్కర్లేదు. వాడనక్కర్లేదు. నాలుగేళ్ళు ఆ పని చేశాను. రెండువేల సంవత్సరం దాటాక, నాకు పని బాగా వచ్చేసిందన్న అనుమానం కలిగి, రాజీనామా ఇచ్చి మదనపల్లెకు తిరిగొచ్చాను. ఒక ఎరువుల అంగడి పైన గది తీసుకున్నాను.

నాకు క్షవరం చేసే ఆయన ఏం పని చేస్తారని అడిగితే పైన రాసినట్టే వివరించాను. ఆయన కత్తెర ఆపి ఆలోచించాడు.

"అంటే బ్రోకరా సార్?"

టమోటా మార్కెట్టు ఉన్న ఊరు మాది. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడేవాణ్ణి ఏమంటారో అక్కడ ఎవరికీ నేర్పనక్కర్లేదు. నేను చాలాసేపు తేడా చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. "అదే సార్, మంచి బ్రోకరు" అన్నాడు.

విజిటింగ్ కార్డు మీద 'సిస్టమ్స్ ఇంజనీరింగ్ కన్సల్టెంట్, రచయిత' అని వేయించాను. ప్రెస్సాయన ప్రూఫు చేతికిస్తూ అడిగాడు.

"ఏం రాసినారు సార్?"

"ఇంగా రాయలేదు. రాస్తాండాను."

"అయితే ఆ మాట రాసినాకనే అచ్చేయించుకుంటే పోలే?"

రాస్తున్న మాట నిజమే. చిన్న ఊళ్ళలో, చిన్న పనుల్లో సిస్టమ్స్ ఇంజనీరింగ్ ఎలా వాడాలన్నది విషయం. ఇంగ్లీషులో ఆరు అధ్యాయాలు పూర్తిచేసి బెంగళూరులో సాంకేతిక పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థకు ఇచ్చాను. అక్కడి ఎడిటరు ఒక పెద్దావిడ. కన్నడావిడ, తెలుగు మాట్లాడితే అర్థమవుతుంది గానీ చదవడం రాదు. ఆరు అధ్యాయాలూ చదివి నన్ను పిలిపించింది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏదీ జరగలేదు" అంది.

ఆవిడ అడిగింది ఇదీ. ఏడో అధ్యాయంలో నిజంగా జరిగిన పని ఒకటి ఉండాలి. ఒక యంత్రం, మూడు ఊళ్ళు, ముగ్గురు మనుషులు. ఆ యంత్రం నా నియమాల ప్రకారం పనిచేసిందని ఆ ముగ్గురూ సంతకం చేసిన అంగీకార పత్రాలు జూన్ లోపల ఆవిడ బల్ల మీద ఉండాలి. ఉంటే పుస్తకం వస్తుంది. లేకపోతే రాదు. ఇంతకంటే స్పష్టమైన నియమం నేనూ ఎప్పుడూ రాయలేదు.

పాత ఉద్యోగంలో పరిచయమైన ఒకాయన సొంతంగా చిన్న పెట్టె ఒకటి తయారు చేస్తున్నాడు. గదిలో గాలి ఎండిపోయినా, వేడి పెరిగినా అది గుర్తుపట్టి మోగుతుంది. పట్టుపురుగులు పెంచే షెడ్డులకు పనికొస్తుందని ఆయన ఆశ. కరెంటు పోయినా నడవాలని సెల్లులతో పనిచేసేటట్టు చేశాడు. మూడు పెట్టెలు నాకు అరువిచ్చాడు. నియమాలు రాయడం నా వంతు. మా ప్రాంతమంతా పట్టుపురుగులే కాబట్టి ఊళ్ళకు కొరత లేదు.

ఎరువుల అంగడి పైన కూర్చుని, పట్టుపురుగుల పెంపకం మీద ఒక పాత కరపుస్తకం ముందు పెట్టుకుని, నలభై ఒక్క నియమాలు రాశాను. మచ్చుకు కొన్ని. తొమ్మిది: గాలిలో తేమ నూటికి డెబ్బై కంటే తగ్గితే పెట్టె మోగవలెను. పదిహేడు: పెట్టెపై ఎటువంటి ఆచ్ఛాదన ఉండరాదు. ఇరవైమూడు: మోత ముప్పై అడుగుల దూరం వినిపించవలెను. ముప్పైఎనిమిది: వినియోగదారుకు నమ్మకం కలగవలెను. ప్రతి నియమం పక్కనా దాన్ని ఎలా పరీక్షించాలో రాయాలి. ముప్పైఎనిమిది పక్కన 'పరీక్ష: సంతకం' అని రాశాను. ఆ రోజు నా మీద నాకు చాలా గౌరవం కలిగింది.

అప్పటికి నేను పట్టుపురుగును ఫొటోలో మాత్రమే చూశాను.

మొదటి పెట్టె మదనపల్లె పక్కనే, టమోటాతో పాటు కొంచెం మల్బరీ కూడా పెట్టుకున్న ఒక రైతు షెడ్డులో తగిలించాను. ఆయన మర్యాదస్తుడు. నేను ఎప్పుడు పోయినా "బాగుండాది సార్" అనేవాడు, నేను ఇంకా అడగకముందే. పంట అయిపోయి పట్టుగూళ్ళు మార్కెట్టుకు పోయిన మరునాడు, అంగీకార పత్రాన్ని స్కూటరు సీటు మీద పెట్టి సంతకం చేసిచ్చాడు. చదవలేదు. చదవమని నేనూ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక పెట్టె విప్పుకుందామని షెడ్డులోకి పోయాను. వెనక మూత తీస్తే లోపల ఖాళీ.

"సెల్లులు యాడ?"

"రేడియోలో ఉండాయి సార్. మంచి సెల్లులు."

"ఎప్పుటినుంచి?"

"రెండో జ్వరం నుంచి" అన్నాడాయన, దాచుకునేందుకు ఏమీ లేనివాడిలాగా. "పురుగులు జ్వరానికి కూసున్నాయి గదా. సున్నం సల్లి, కిటికీలు తీసినాము. ఇది అరిసేది మొదలుపెట్టింది సార్. నిలిపితే నిలవదు. మా అమ్మ నిద్ర లేదు. ఆపొద్దే తీసేస్తిని."

జ్వరం అంటే రోగం కాదు. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు పాత తోలు విడుస్తుంది. విడిచే ముందు ఒక దినం మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. దాన్ని రైతులు జ్వరం అంటారు. ఆ దినం షెడ్డు పొడిగా ఉండాలి. లేకపోతే పురుగు చెడిపోతుంది. అంటే నా తొమ్మిదో నియమం పంటకు నాలుగుసార్లు, సరిగ్గా గాలి ఎండాల్సిన రోజునే, గాలి ఎండిందని గోల పెడుతుంది. కరపుస్తకంలో ఆ సంగతి తర్వాతి పేజీలో ఉందట. నాకు కావలసిన అంకె ముందు పేజీలోనే దొరికింది కాబట్టి తిప్పలేదు.

నోటుబుక్కులో 'నియమం 9, సవరించాలి?' అని రాసుకున్నాను. ఆ ప్రశ్నార్థకం చూస్తే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. జేబులో సంతకం ఉన్నవాడు పెట్టే ప్రశ్నార్థకం అది.

రెండో పెట్టె పుంగనూరులో. అక్కడి రైతు ఊళ్ళో నలుగురూ వచ్చిపోయే మనిషి. ఇంటి వెనక రెండు షెడ్డులు ఉన్నాయి. పెట్టె ఇచ్చి, పటం గీసి, షెడ్డులో ఏ ఎత్తున తగిలించాలో చెప్పి వచ్చాను. పది దినాల తర్వాత పోతే అది ముందు హాల్లో, కేలండరు పక్కన, పసుపు కుంకుమ పెట్టుకుని, కనకాంబరాల దండ వేసుకుని ఉంది.

"ఇది షెడ్డులో ఉండాల గదన్నా."

"షెడ్డులో పెడితే ఎవురు సూస్తారప్పా? పురుగులు సూస్తాయా?"

"పురుగుల కోసమే గదా పెట్టింది."

"పురుగులకి నేనుండాను. ఇది వచ్చే పోయే వాళ్ళకి. నిన్న పెద్దతిప్పసముద్రం నుంచి మా బావమరిది వచ్చినాడు. దీన్ని సూసి ఇంగ మాట్లాడలేదు." అంతలో ఆయనకు ఇంకో మంచి గుణం గుర్తొచ్చింది. "మధ్యాన్నం మూడు గంటలకి అరుస్తాదప్పా, తప్పకుండా. అరిస్తే మా ఆడోళ్ళు కాఫీ పెడతారు. గడియారం సూసే పని లేదు."

సరిగ్గా ఆ మాట మీదే పెట్టె మోగింది. లోపలినుంచి గిన్నె పొయ్యి మీద పెట్టిన చప్పుడైంది. కాఫీ బాగుంది. ఇరవైమూడో నియమం, ముప్పై అడుగుల దూరం వినిపించడం, అక్కడ నా కళ్ళ ముందే నెరవేరింది. పంట చివర ఆయన అంగీకార పత్రం మీద సంతకం చేసి, దాని పక్కన ఏదో సంఘానికి అధ్యక్షుడన్న రబ్బరు స్టాంపు కూడా వేశాడు. అడగకుండానే.

రెండు సంతకాలు చేతిలో ఉన్నాయి. పంటలు రెండుచోట్లా బాగా వచ్చాయి. పెట్టె ఒకచోట చచ్చిపోయి, ఇంకోచోట కాఫీ పెట్టించింది. నేను మాత్రం ఏడో అధ్యాయంలో మొదటి పది పేజీలు రాసేశాను.

మూడో పెట్టె కుప్పం దగ్గర. షెడ్డు ఒకావిడది. యాభై ఏళ్ళుంటాయి. ఆవిడ భర్త తోట, ఆకు చూసుకుంటాడు. షెడ్డు గుమ్మం లోపలిదంతా ఆవిడ రాజ్యం. రాతి బండలు నిలబెట్టి కట్టిన షెడ్డు, కిటికీలకు నైలాను వల. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సులు మారి పోయేసరికి సగం దినం అయ్యింది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముఖానికి పౌడరు రాసుకుని పోయాను. కన్సల్టెంటు చెమటతో కనపడకూడదని ఎక్కడో చదివాను.

"ఆడే నిలబడప్పా" అంది ఆవిడ, నేను ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే. "మొగానికి ఏం పూసుకోనుండావు?"

"పౌడరమ్మా."

"ఆ వాసనకి పురుగు మేత ముట్టదు. పెట్టె ఆడ పెట్టు."

పెట్టె అరుగు మీద పెట్టాను. ఆవిడ చేతులు కడుక్కుని, పెట్టెను తడిగుడ్డతో తుడిచి, నా పటం అడిగి తీసుకుని, లోపలికి పోయి తానే తగిలించుకుంది. నేను కిటికీ బయట నిలబడి "కొంచెం పైకి, కొంచెం కుడికి" అని చెప్పాను. వెదురు తట్టల వరసలు అడ్డం. నాకు పెట్టె కనపడలేదు. ఆవిడ కనపడలేదు.

రెండోసారి పౌడరు లేకుండా పోయాను. తలకు రాసుకున్న సంపంగి నూనె పనికిరాలేదు. మూడోసారి నూనె కూడా మానేసి, తలస్నానం చేసి పోయాను. ఆవిడ గాలి పీల్చి చూసింది.

"బీడీ."

"నేను తాగలేదమ్మా. బస్సులో పక్కనాయన."

"ఎవురు తాగింది అనేది పురుగుకి అక్కరలేదప్పా."

అలా పంట కాలమంతా నేను ఆ షెడ్డులో అడుగుపెట్టలేదు. ప్రతిసారీ కిటికీ దగ్గర నిలబడి పెట్టె మోగిందా అని అడిగేవాణ్ణి. "మొదటి వారం ఒగసారి అరిసింది. మళ్ళా నోరెత్తలేదు. మంచి పెట్టె" అనేది. నోటుబుక్కులో 'స్థలం 3: పనితీరు అద్భుతం' అని రాసి గీత గీశాను. పుస్తకం కోసం ఫొటో కూడా తీశాను. మూసిన తలుపు ఫొటో. దాని కింద ఇప్పటికీ 'స్థలం 3, బాహ్య దృశ్యం' అని ఉంటుంది.

మే చివరి వారంలో ఆవిడ పంట పూర్తయ్యింది. గూళ్ళు రాల్చి మార్కెట్టుకు పంపించేశారు. మరుసటి దినమే అంగీకార పత్రం తీసుకుని పోయాను. ఎడిటరు పెట్టిన గడువుకు ఇంకా నాలుగు దినాలుంది. ఈ ఒక్క సంతకం పడితే అదే సాయంత్రం కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోవడమే.

"రాప్పా, ఇప్పుడు యా వాసనైనా పన్లేదు" అంది. మొదటిసారి లోపలికి పోయాను. ఖాళీ తట్టలు, సున్నం వాసన, ఎండిన ఆకు. అవతలి గోడకు ఒక చిన్న గోనె మూట వేలాడుతోంది. దాని చుట్టూ పురికొస కట్టి ఉంది. ఇంకా చెమ్మగా ఉంది.

"ఇదేందమ్మా?"

"గోనె."

"గోనె అని తెలస్తాండాది. లోపల?"

"నీ పెట్టె."

"దానికి గోనె యాల కట్టినారు?"

ఆవిడ నన్ను కొంచెం జాలిగా చూసింది. "ఎండ జాస్తి అయితే కిటికీలకి తడి గోనె కట్టేది గదా. ఇది వేడైంది, ఎండిపాయ అని అరిసింది. దానికీ కట్టినాను. దినాం మూడుసార్లు నీళ్ళు సల్లినాను. మళ్ళా అరిసిందేమో అడుగు."

నేను అక్కడున్న బండ మీద కూర్చున్నాను. పెట్టె తన సంగతి చెప్పదని, గదిలోని గాలి సంగతి చెబుతుందని, దాని చుట్టూ తడి గోనె కడితే దానికి గోనె తప్ప ఇంకేమీ తెలియదని వివరించాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"అయితే ఇన్ని దినాలూ అది గోనె సంగతి సెప్తా ఉండింది."

"అవునమ్మా."

"పాపం, సరిగ్గానే సెప్పింది."

"మరి గాలి ఎండిందని మీకెట్ల తెలిసేది?"

"ఆకు లేదా? తట్టలో ఏసిన ఆకు బిర్నా వాడిపోతే గాలి ఎండింది. వాడకపోతే లేదు. దానికి పెట్టె యాల?"

పత్రం తీసి, చివరి పేజీ పైకి పెట్టి, పెన్నుతో సహా ఇచ్చాను. మొదటి ఇద్దరూ చేసినట్టే ఈవిడా చేస్తుందనుకున్నాను. ఆవిడ పేజీలు వెనక్కి తిప్పి మొదటి నియమం దగ్గర మొదలుపెట్టింది. పదో తరగతి వరకు చదువుకుందట. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కొక్కటీ చదివింది. తొమ్మిది దగ్గర ఆగింది.

"జ్వరానికి కూసున్నప్పుడు గూడానా?"

"రాసింది అట్లే ఉండాది."

"రాసినోడు పురుగులు పెంచినాడా?"

"లేదమ్మా."

"అనుకున్నా." పదిహేడు దగ్గర మళ్ళీ ఆగింది. "ఆచ్ఛాదన అంటే గోనెనే గదా?" అవునన్నాను. ముప్పైఎనిమిది రెండుసార్లు చదివింది. "'నమ్మకం కలగవలెను.' ఎవురి మింద?"

"పెట్టె మిందమ్మా."

"పెట్టె మింద నాకేం కోపం లేదు" అంది, పేజీ తిప్పుతూ.

గంటకు పైగా పట్టింది. చివరికి సంతకం పెట్టాల్సిన వాక్యం దగ్గరికి వచ్చింది. 'ఈ వ్యవస్థ పైన తెలిపిన అన్ని నియమాలనూ నెరవేర్చినట్టు నేను స్వయంగా పరిశీలించి అంగీకరిస్తున్నాను.' పెన్ను పక్కన పెట్టేసింది.

"నేను పరిశీలించలేదే."

"ఇది ఊరికే రాసేదమ్మా. అందరూ పెట్టినారు. మదనపల్లెలో పెట్టినారు, పుంగనూరులో పెట్టినారు."

"వాళ్ళు సూసినారేమో."

అప్పుడు నేను అవసరానికి మించి మాట్లాడాను. ఈ సంతకం లేకపోతే పుస్తకం రాదని చెప్పాను. రెండేళ్ళ పని అని చెప్పాను. కార్డు మీద రచయిత అని వేయించుకున్నానని కూడా చెప్పాను. అది చెప్పి ఉండకూడదు. ఆవిడ కార్డు అడిగి తీసుకుని చూసింది. నవ్వలేదు.

"నీ పుస్తకం నిలిచిపోతే నాకూ బాధేనప్పా. అట్లని సూడనిది సూసినాను అని ఎట్ల రాసేది? సూసింది అడుగు, రాస్తాను."

"సరే, మీరేం సూసినారో అదే రాయండి."

ఆవిడ అచ్చువేసిన వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసింది. దాని కింద, స్కూలు పిల్లల రాతలో, రెండు వాక్యాలు రాసింది. 'ఈ పెట్టె మా షెడ్డులో ఇరవై ఆరు దినములు ఉండినది. మా పురుగులకు ఏ హానియు చేయలేదు.' సంతకం పెట్టింది. కాగితం గాలికి ఆరబెట్టి ఇచ్చింది.

నా వృత్తిలో నాకు దొరికిన నిజమైన పరీక్షా ఫలితం అదొక్కటే. రైల్లో దాన్ని నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఇది పనికిరాదనే అనుకున్నాను.

ఎడిటరు మూడు పత్రాలూ బల్ల మీద పరిచింది. మొదటి రెండూ చూసి పక్కన పెట్టింది. మూడోది చూపించి, కొట్టేసిన వాక్యం కింద ఏం రాశారని అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"హాని చేయలేదంటే సురక్షితం అన్నట్టే కదా?"

"అన్నట్టే."

"ఆవిడకు తృప్తిగా ఉందా?"

"కోపం లేదన్నారు."

"అదే తృప్తి" అంది ఎడిటరు, పెన్సిలు అందుకుంటూ.

సెల్లులు రేడియోలో ఉన్న సంగతి అప్పుడు చెప్పొచ్చు. కాఫీ సంగతి చెప్పొచ్చు. ఆవిడ వింటుంది కూడా, మంచి మనిషి. నేను అంతకంటే పద్ధతైన మార్గం ఎంచుకున్నాను. అధ్యాయం చివర 'పరిమితులు' అని ఒక పేరా చేర్చి, అందులో 'అలారం వినియోగంలో కొన్ని స్థానిక వైవిధ్యాలు గమనించబడ్డాయి' అని ఇంగ్లీషులో రాశాను. ఒక రేడియో, ఒక కాఫీ గిన్నె, ఒక తడి గోనె, మూడూ ఆ వాక్యంలో ఇమిడిపోయాయి. అబద్ధం ఒక్క అక్షరం లేదు. మా వృత్తిలో ఇలాంటి వాక్యం రాయడానికి కనీసం నాలుగేళ్ళ అనుభవం కావాలి.

ప్రూఫులు వచ్చాయి. ఎర్ర పెన్నుతో రెండు రాత్రులు కూర్చుని కామాలు, పట్టికల అంకెలు, ఒక బొమ్మ తలకిందులుగా పడటం, అన్నీ పట్టుకున్నాను. ఏడో అధ్యాయంలో ఒక వాక్యం ఇలా ఉంది. మూడు స్థలాల్లోనూ వినియోగదారులు, పెంపక కాలమంతా, వ్యవస్థ సురక్షితంగా, సంతృప్తికరంగా పనిచేసినట్టు ధ్రువీకరించారు. ఒక్కొక్క మాటనూ విడిగా తీసుకుని వాదించి చూశాను. ప్రతి మాటా నిలబడింది. పక్కన టిక్కు పెట్టి, పేజీ కింద సరిచూసినట్టు సంతకం చేశాను.

పుస్తకం వచ్చింది. ఆ తర్వాత నా గది మెట్లు నేను ఊహించినంత మంది ఎక్కలేదు గానీ, ఎక్కినవాళ్ళు కుర్చీ అడిగి కూర్చున్నారు. రెండు ఫ్యాక్టరీలు, ఒక పాల శీతల కేంద్రం నియమాలు రాసిపెట్టమన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీలు పిలిచి శాలువాలు కప్పాయి. ఒకచోట నేను గంటన్నర మాట్లాడాక ఒక విద్యార్థి లేచి, "ఏడో చాప్టరు ఎన్ని మార్కులకి వస్తాది సార్?" అని అడిగాడు. వ్యవస్థను అర్థం చేసుకున్నవాడు ఆ హాల్లో వాడొక్కడే.

ఒక కాపీ పట్టుకుని కుప్పం పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగా తెలియదు. మెచ్చుకుంటుందనుకున్నానేమో. షెడ్డులో పురుగులు ఉన్నాయి. నాలుగో జ్వరం లేచి ఆబగా మేస్తున్న దశ. వాన పడుతున్నట్టు చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ అరుగు మీదికి వచ్చింది. ముందు అనుబంధం తీసి చూపించాను.

"ఇది నా రాతే. బాగా పడింది" అంది. "లోపల నా సంగతి యాడుండాది?"

ఏడో అధ్యాయంలో ఆ వాక్యం చూపించాను. ఇంగ్లీషులో ఉందన్నాను. తెలుగులో చెప్పమంది. చెప్పాను.

"నేను అట్ల రాయలేదు గదప్పా."

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే నాది మార్చేది యాల?"

లోపల పురుగులు మేస్తున్నాయి. నేను వాటి చప్పుడు వింటున్నట్టు ముఖం పెట్టాను.

"దీంట్లో మూడు అనేది యాడుండాది, సూపియ్."

చూపించాను. నా జేబులోంచి పెన్ను తీసుకుని, ఆ మాటను కొట్టేసి, పైన తెలుగులో రెండు అంకె వేసింది. ౨. "నన్ను తీసేసినాను. మిగతా ఇద్దరి సంగతి నాకు తెల్దు. నీకు తెలుసు." పుస్తకం మూసి నా చేతికే ఇచ్చింది. "నాకు ఇంగిలీషు రాదు, నువ్వే పెట్టుకో. ఆకు ఏసే పొద్దాయ." లోపలికి పోయి తలుపు వేసుకుంది.

రెండేళ్ళకు ఎడిటరు ఉత్తరం రాసింది. రెండో ముద్రణ వేస్తున్నాం, సవరణలు ఉంటే జాబితా పంపండి అని. పంతొమ్మిది సవరణలు, పేజీ అంకెలతో సహా, అందంగా టైపు చేసి పంపాను. ఆ దిద్దిన కాపీని పక్కనే తెరిచి పెట్టుకునే జాబితా తయారు చేశాను. ఆవిడ వేసిన అంకె దగ్గరికి వచ్చినప్పుడు చాలాసేపు ఆగాను. మూడును రెండు చేస్తే, ఆ రెండూ ఏవని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే రేడియో, కాఫీ చెప్పాలి. చెబితే రెండు సున్నా అవుతుంది. సున్నా స్థలాల్లో పనిచేసిన వ్యవస్థ గురించి అధ్యాయం ఉండదు. అధ్యాయం లేకపోతే పుస్తకం లేదు.

ఇరవయ్యో సవరణ రాయలేదు. రెండో ముద్రణలోనూ మూడే ఉంది.